ఎర్త్ గుంతలో పోయని నీళ్లు

నేను ఒక మనిషిని దొంగ అన్నాను. ఆయన దొంగ కాదు. చెప్పాల్సింది ఇంతే, మిగిలినదంతా దీని చుట్టూ అల్లుకున్న నా నిర్వాకం.

ఈ సంగతి నేను బయట చాలాసార్లు చెప్పాను, నవ్విస్తూ చెప్పాను. గిటార్ యాంప్లిఫయర్‌లో హమ్మింగ్ వస్తోందని ఇల్లంతా తలకిందులు చేయడం, ఫ్రిజ్ ఆపేసి పాలు విరగ్గొట్టడం, చివరికి రోగం యాంప్‌లో కాదు, ఇంటి ముందర నేలలో ఉందని తేలడం. వినేవాళ్లు పడీపడీ నవ్వుతారు. ధర్మవరం పెద్దాయన ముక్క మాత్రం మింగేస్తాను. ఆ మింగేసిన ముక్కే ఇది.

మాది హిందూపురం. పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా పని, రోజూ రైల్లో పోయి రావడం. సాయంత్రాలు, సెలవు రోజుల్లో పెళ్లి రిసెప్షన్లకు వాయించే ఆర్కెస్ట్రాలో గిటార్ నాది. మా బృందంలో అందరూ అరచేతిలో ఇమిడే డిజిటల్ పెట్టెలు పెట్టుకుంటే, నేను మాత్రం బెంగళూరులో ఒక ముసలి వాద్యకారుడి ఇంట్లో కొన్న వాల్వుల యాంప్‌ను మోసుకు తిరుగుతాను. పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వులే ఇందులోనూ ఉంటాయి. స్విచ్ వేశాక అవి వేడెక్కాలి, లోపల ఎర్రగా వెలగాలి, ఆ తర్వాతే శబ్దం. ఆ శబ్దం ఉందే, దానికోసం నడుము పోయినా ఫరవాలేదనిపిస్తుంది నాకు. మా కీబోర్డు ఆయనది మాత్రం ప్రతిసారీ ఒకటే పాట: "ఏమప్పా, మళ్లా పొయ్యి ఎత్తుకొస్తివా? ఎసరు యాడ పెట్టల్ల?"

శివరాత్రి దాటాక ఒకరోజు అది పటపటమని మూగబోయింది. వాల్వు యంత్రాలు బాగుచేసేవాళ్లు మా పక్క ఇంకెవరున్నారు? ధర్మవరంలో ఒకాయన, డెబ్బై దాటిన మనిషి. మగ్గాల సందులో ఇంటి ముందర గదే ఆయన షాపు. బోర్డు లేదు. ముదిగుబ్బ, కదిరి పక్కల నుంచి కూడా జనం గోనెసంచుల్లో పాత రేడియోలు, గుళ్ల మైకు సెట్లు చుట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు. అందరూ పెద్దాయన అంటారు, నేనూ అట్లే పిలిచేవాణ్ణి. నా యాంప్ వెనక చెక్క విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చాలాసేపు చూశాడు. "రెండు వాల్వులు పోయినాయప్పా. కెపాసిటర్లు ఉబ్బినాయి. సామాను చెన్నై నుంచి రావల్ల, నెల దాటుతాది. పెట్టిపో" అన్నాడు. పెట్టేసి వచ్చాను. నలభై రోజులు పట్టింది.

ఆ నలభై రోజుల్లో ఇక్కడ మా ఇంట్లో రెండు పనులు జరిగాయి. రెండూ నేను చేసినవే.

ఇల్లు కట్టేటప్పుడు ముందర ఎర్తింగ్ కోసం గుంత తవ్వించి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ నింపి, పైకి ఒక గొట్టం తీశారు. ఆ గొట్టంలో అప్పుడప్పుడూ నీళ్లు పోస్తూ ఉండాలి. లేకపోతే మా ఎండలకు అడుగున మట్టి ఎండిపోయి, అంత ఖర్చుపెట్టి వేసిన రాగి పలక ఉన్నా లేనట్టే. మా వైపు ఈ పని ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. ముగ్గు వేయకముందు వాకిట్లో నీళ్లు చల్లగా మిగిలినవో, బియ్యం కడిగినవో తెచ్చి గొట్టంలో వంచుతారు. మేస్త్రీ కూడా అప్పట్లో ఈ మాట మా ఆవిడకే చెప్పాడు. ఆమె పన్నెండేళ్లుగా మానకుండా పోస్తూ వచ్చింది. నేను ఒక్కరోజు కూడా ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

ఆ వేసవిలో మా వీధికి ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వచ్చేది. బిందెల వరసలో నిలబడి అరుచుకోవడంతోనే పొద్దున్న సగం గడిచేది. అట్లాంటి ఒక పొద్దున ఆమె గొట్టంలో చెంబు వంచుతూ నా కంటపడింది. "మనకు గొంతు తడుపుకోను నీళ్లు ల్యాకుంటే మట్టికి తాపుతాండావా? బుద్ధుండాదా?" అని వీధంతా వినబడేట్టు అరిచాను. పక్కింటామె తల తిప్పుకుంది. మా ఆవిడ చెంబు కిందపెట్టి లోపలికి పోయింది. మళ్లీ ఆ గొట్టం జోలికి పోలేదు. అదే వారం బండి పెట్టుకోవడానికి వాకిట్లో టైల్స్ వేయించాను. పని చేసేవాడు గొట్టం దగ్గర ఆగి "అన్నా, దీనికి మూత మాదిరి ఏమన్నా వదల్లా?" అని అడిగాడు. "ఏం వద్దు, మూసెయ్" అన్నాను. నున్నగా మూసేశాడు. చాలా బాగుందని ఫోటో కూడా తీసుకున్నాను, నా మొహానికి.

ఏప్రిల్‌లో పెద్దాయన ఫోన్ చేశాడు. పోయి తెచ్చుకున్నాను. ఆయన షాపులో వాయించి చూస్తే కమ్మగా పలికింది. ఇంటికి తెచ్చి, తుడిచి, ముందర గదిలో పెట్టి, గిటార్ తగిలించి స్విచ్ వేశాను. గుయ్యిమని ఒకటే మోత. మొదటిరోజు సన్నగా ఉండింది. వారం తిరిగేసరికి నేను వాయించే పాట కన్నా అదే ఎక్కువ వినబడసాగింది.

ఇక మొదలుపెట్టాను. వైరు మార్చాను. ఇంకో గిటార్ తగిలించాను. ట్యూబులైటు ఆపాను, ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ఆపి వేయడం మరిచిపోయి పాలు విరగ్గొట్టాను. యాంప్‌ను ముందర గదిలోంచి పడగ్గదిలోకి, అక్కణ్నుంచి వంటింట్లోకి తోసుకుపోయాను. వంటింట్లో మా ఆవిడ పోపు పెడుతూ ఒకసారి నావైపు చూసి, "ఉప్పు సరిపోయిందేమో దాన్నే అడుగు" అంది. యూట్యూబ్‌లో దొరలు చెప్పేవి గంటలు గంటలు చూశాను. ఎర్తింగ్ చూసుకోమని వాళ్లూ చెప్పారు. మా గోడలో మూడు రంధ్రాల సాకెట్ ఉంది, మూడో రంధ్రానికి పచ్చ వైరు ఉంది, ఇంకేం చూడాలి అనుకున్నాను. గొట్టంలో నీళ్లు పోశావా అని అడిగే దొర ఒక్కడూ లేడు.

గురుతులన్నీ కళ్లెదుటే ఉన్నాయి. వాల్యూమ్ పూర్తిగా తగ్గిస్తే మోత ఆగిపోయేది. యాంప్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే అట్లా ఆగదు. వట్టి కాళ్లతో నిలబడి తీగలు పట్టుకుంటే వేళ్లలో చిమచిమలాడేది. పాత సరుకు కదా, అట్లే ఉంటుందిలే అనుకున్నాను. ఫోన్ చేసినప్పుడు పెద్దాయన సరిగ్గా ఇవే అడిగాడు.

"తీగల మీద చెయ్యి పెడితే చిమచిమ అంటాదా?"

"అవును, అంటుంది."

"అట్లయితే రొంత చెప్పులేసుకొని వాయించప్పా, మంచిది కాదు అది. మీ ఇంట్లో ఎర్త్ ఉండాదా?"

"ఎందుకు లేదండీ? దగ్గరుండి వేయించుకున్నాను."

"గుంతలో నీళ్లు పోస్తాండారా?"

నాకు సర్రున కోపం వచ్చింది. యాంప్ గురించి అడిగితే ఈయన గుంతలూ నీళ్లూ అంటాడేమిటి? చేసిన పని సరిగ్గా లేక తప్పించుకుంటున్నాడనే అనిపించింది. ఇంకో సంగతి కూడా ఉంది, ఇప్పుడు దాచి లాభం లేదు. నీళ్ల మాట ఎత్తగానే నేను మా ఆవిడ మీద అరిచిన అరుపు గుర్తొచ్చింది. దాన్ని అక్కడే తొక్కిపెట్టి ఫోన్ పెట్టేశాను.

ఆదివారం యాంప్ ఎత్తుకుని ధర్మవరం పోయాను. ఎండ మాడ్చేస్తోంది. స్టేషన్ నుంచి ఆటోలో సందు మొదటిదాకా, అక్కణ్నుంచి చేతుల మీద. షాపులో అప్పటికే ఇద్దరున్నారు, రేడియో తెచ్చిన ఒక నేతపని ఆయన, ఏదో గుడి మైకు సెట్టు తెచ్చిన ఇంకొకాయన. పెద్దాయన చేతిలో పని పక్కనపెట్టి నాది అందుకున్నాడు. తగిలించాడు. వేడెక్కాక నేను తీగ మీటాను. ఎక్కడా మోత లేదు, మగ్గాల చప్పుడు తప్ప.

"ఈడ గమ్మునే ఉండాదే అప్పా."

"మరి మా ఇంట్లో ఎందుకు వస్తోంది?"

"అదే చెప్తాండా. ఇదో, ఆ మల్లెచెట్టు మొదట్లో ఉండాది మా ఎర్త్ గుంత. మా ఆడమనిషి చెట్టుకు పోసే నీళ్లు దానికీ పోతాయి. మీ ఇంట్లో ఒక రెండు బిందెలు..."

"నాకు చెట్ల కథలు చెప్పొద్దండీ" అన్నాను. ఇద్దరూ నావైపు తిరిగారు. అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. వెనక చెక్క తీసి లోపలికి చూశాను. కరెంటు తీసుకునే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నల్లగా నిగనిగలాడుతోంది. నేను తెచ్చినప్పుడు దాని మీద తుప్పూ దుమ్మూ అట్టలు కట్టి ఉండేవి.

"ఇది నాది కాదు" అన్నాను.

"నీదేనప్పా. తుప్పు గీకి వార్నిష్ పూసినా. మంచి సరుకు, పాడైపోతాదని."

"పూసినావా, మార్చినావా?"

అంతవరకు మీరు, అండీ అంటున్నవాణ్ణి అట్లా దిగిపోయాను. దిగిన తర్వాత నాకు అడ్డేముంది? "నా ట్రాన్స్‌ఫార్మర్ పీక్కొని గుజిరీ సరుకు పెట్టి రంగు పూస్తావా? పెద్దమనిషివని నమ్మి నెల పైన వదిలిపెట్టి పోతే దొంగతనం చేస్తావా?" అన్నాను. దొంగ అన్న మాట కూడా విడిగా ఇంకోసారి అన్నాను. అన్నానో లేదో అని నన్ను నేను చాలాసార్లు మభ్యపెట్టుకున్నాను. అన్నాను.

పెద్దాయన స్క్రూడ్రైవర్ పట్టుకున్న చెయ్యి అట్లే ఆగిపోయింది. "యాభై ఏండ్లుగా ఈ పని చేస్తాండా" అన్నాడు. "ఈ మాట ఎవురూ అనలా." మైకు సెట్టు తెచ్చినాయన తన పెట్టెను కాలితో మెల్లగా తన పక్కకు జరుపుకున్నాడు. అది నేను చూశాను, పెద్దాయనా చూశాడు.

అప్పుడే లోపలి నుంచి ఆయన భార్య టీ గ్లాసులు తెచ్చింది. అంతా విన్న మనిషే, ఆ ఇంట్లో ముందర గదికీ వంటింటికీ మధ్య ఒక గుడ్డ తెర తప్ప ఏమీ లేదు. నా ముందర గ్లాసు పెట్టి, "తాగిపో నాయనా, ఎండలో పడి వచ్చినావు" అంది. నేను ఆ గ్లాసు ముట్టుకోలేదు. యాంప్ ఎత్తుకుని వచ్చేశాను. ఇప్పటికీ ఆ గ్లాసు గుర్తొస్తే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

అంతటితో ఊరుకున్నానా? తిరుగు రైల్లో కూర్చుని ఫోన్ తీశాను. మా మూడు ఊళ్ల సౌండ్ సర్వీసువాళ్లు, ఆర్కెస్ట్రావాళ్లు, గుళ్లలో మైకు చూసుకునేవాళ్లు ఉన్న వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో నా గొంతు రికార్డు చేసి పెట్టాను: ధర్మవరం పెద్దాయన దగ్గర సరుకు పెట్టి రావద్దు, లోపలివి మార్చేస్తున్నాడు, నాకు జరిగింది, యాంప్ ఇప్పుడు ఒకటే మోత. రైలు పెనుకొండ దాటేలోపు ముప్పై మంది విన్నారు. "అవునా అన్నా", "చెప్పి మంచి పని చేసినావన్నా", చేతులు జోడించిన బొమ్మలు. హిందూపురంలో దిగేసరికి నాకు ఏదో ఘనకార్యం చేసినట్టే ఉండింది. ఇంటికి పోయి మా ఆవిడకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

తర్వాతి వారం పెనుకొండలో ఒక రిసెప్షన్. ఫంక్షన్ హాల్లో సాయంత్రం యాంప్ తగిలించాను. మోత లేదు. వాల్యూమ్ పెంచాను, లేదు. తీగలు వదిలేశాను, పట్టుకున్నాను, లేదు. సౌండ్ సర్వీసు ఆయన పక్కన నిలబడి విన్నాడు. "అన్నా, నువ్వు చెప్పిన మోత యాడ? నిమ్మళంగా ఉండాదే!"

"జనరేటర్ లైనులే ఇది, అందుకే" అన్నాను.

జనరేటర్ ఆ రోజు అసలు వేయలేదు. ఆయనకు తెలుసో లేదో, నాకు తెలుసు. ధర్మవరంలో లేదు, పెనుకొండలో లేదు, నా ఇంట్లోనే ఉంది. చిన్నపిల్లవాడికి కూడా అర్థమవుతుంది. నాకూ ఆ క్షణానే అర్థమైంది. అందరూ నన్ను క్షమించేసే తప్పు ధర్మవరంలో చేసిన తప్పు. కోపం, పొరపాటు, మనిషన్నాక జరుగుతాయి అంటారు. పెనుకొండలో తెలిసి తెలిసి నోరు మూసుకుని పాట మొదలుపెట్టానే, దానికి ఏ సాకూ లేదు. ఆ సాయంత్రం నేను బాగా వాయించానని అందరూ అన్నారు.

ఇంట్లో మాత్రం ఆ యాంప్‌కు గుడ్డ కప్పి మూల పెట్టాను. పది రోజులు తిరగకముందే మా ఆవిడ తడి చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. కెవ్వుమని అరుపు వినబడి నేను పరుగెత్తాను. పెరుగు గిన్నె కింద పడి ఉంది, ఆమె గోడకు ఆనుకుని చెయ్యి విదిలించుకుంటోంది. ప్రాణానికేమీ కాలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు. రెండు వైర్లు తగిలించిన బల్బు ఒకటి తెచ్చి ఒక వైరు కరెంటులో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టాడు. వెలగలేదు. "ఎర్త్ సచ్చిపోయిందన్నా. గుంత యాడుండాది?" అన్నాడు. నేను వాకిట్లో టైల్స్ వైపు చూపించాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. టైల్ పగలగొట్టి గొట్టంలోకి కడ్డీ దించితే పొడి దుమ్ముతో పైకొచ్చింది. ఇంట్లో ఉన్న నీళ్లల్లో సగం, నాలుగు బిందెలు, ఉప్పు కలిపి పోయించాడు. కాసేపు ఆగి మళ్లీ బల్బు పెట్టాడు. వెలిగింది. అతను వెళ్లాక నేను గుడ్డ తీసి యాంప్ వేసి చూశాను. పెద్దాయన షాపులో ఎట్లా ఉందో అట్లా ఉంది.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "మట్టికి తాపితే బాగయిందా?" అంది. నేను యాంప్ స్విచ్ ఆపేశాను. "నన్నంటే అన్నావు, పడినా. ఆ పెద్దాయనను ఏంటికన్నావు?" అంది. తల కొట్టేసినట్టయింది. ఆమె దగ్గర నేను ఆ రోజు తప్పయింది అన్నాను, మా పెళ్లయ్యాక మొదటిసారి అనుకుంటాను. "నాకు కాదు, ఆడికి పోయి చెప్పు" అంది.

బెంగళూరులో యాంప్ కొన్నరోజు తీసిన ఫోటోలు ఫోన్‌లోనే ఉన్నాయి. పెద్దది చేసి చూశాను. తుప్పు పట్టిన ట్రాన్స్‌ఫార్మర్, ఎడమ మూలన చిన్న సొట్ట. లోపల చూస్తే నల్లటి వార్నిష్ కింద అదే మూలన అదే సొట్ట. నేను అడగకపోయినా, ఒక పాడు సరుకును శుభ్రం చేసి, గీకి, పూత పూసి, దానికి పైసా తీసుకోకుండా ఇచ్చాడు ఆయన. ఆ పూతే చూపించి దొంగను చేశాను.

మరి వెంటనే పోయానా? పోలేదు. రెండు నెలలు. రోజూ పెనుకొండ దాకా పోతాను, అదే రైల్లో ఇంకొంతసేపు కూర్చుంటే ధర్మవరం. సీట్లో కూర్చునే అనుకునేవాణ్ణి, ఈరోజు సెలవు పెట్టేసి పోతానని. స్టేషన్ రాగానే దిగేసేవాణ్ణి. ఫోన్ చేద్దామంటే, ఇట్లాంటివి ఫోన్‌లో చెప్పేవి కావు, ఎదురుగా పోయి చెప్పాలి అని నాకు నేనే నీతులు. ఎదురుగా పోదామంటే ఇంకో సాకు. మా ఆవిడ మొదట్లో రోజూ అడిగేది, తర్వాత అడగడం మానేసింది.

ఇంకో రిసెప్షన్‌లో ఆ సౌండ్ సర్వీసు ఆయనే నా పక్కన కూర్చుని భోంచేస్తూ, నన్ను సంతోషపెడదామని చెప్పాడు. "నువ్వు చెప్పింది మంచిదాయ అన్నా. మేము గుడి సెట్టు బెంగళూరుకు పంపిస్తిమి. ఆ ముసలాయన దగ్గరికి ఇప్పుడు పెద్దగా ఎవురూ పోవడంల్యా." విస్తరి ముందు నుంచి లేచి, చేతులు కడుక్కుని, హాలు వెనక్కి పోయి గ్రూపులో మళ్లీ గొంతు పెట్టాను. తప్పు నాదే, మా ఇంటి ఎర్తింగ్ ఎండిపోయింది, పెద్దాయన ఏమీ మార్చలేదు, ఆయన నిజాయితీపరుడు, నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నలుగురు విన్నారు. ఒకాయన రాశాడు: "ఎందుకన్నా, ఆయన కొడుకులు ఎవురన్నా బెదిరించినారా?" ఆయనకు కొడుకులే లేరు.

ఆ ఆదివారమే పోయాను. ఊరికే పోలేక యాంప్ ఎత్తుకుపోయాను. ఒక వాల్వు పెట్టే గూడు వదులైంది. నిజంగానే వదులైంది గానీ, వేలితో నొక్కితే సరిపోయేదాన్ని సాకుగా పట్టుకుపోయాను. క్షమించమని అడగడానికి కూడా నాకొక రిపేరు అడ్డం కావలసి వచ్చింది.

షాపులో ముదిగుబ్బ పక్క నుంచి వచ్చిన ఒక అవ్వ స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె రేడియో బల్ల మీద విప్పి ఉంది. పెద్దాయన చిక్కిపోయాడు. నన్ను చూసి "రాప్పా" అన్నాడు, రోజూ వచ్చేవాణ్ణి పిలిచినట్టే. నేను ఆ అవ్వ పోయేదాకా ఆగుదామనుకుని గోడవార నిలబడ్డాను. దొంగ అనడానికి నలుగురి ముందు నోరు లేచింది, తప్పయిందనడానికి ఎవరూ లేని సందు చూసుకుంటున్నాను. అది తెలిసి కూడా అక్కడే నిలబడ్డాను.

"రొంత బిర్రన కానీ సామీ, పొద్దున్నించి కూర్చున్నా. బస్సు పోతాది" అంది అవ్వ.

"పెట్టిపోయి రేపు రాకూడదా అవ్వా?" అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

జవాబు తెర దగ్గర నిలబడి ఉన్న పెద్దాయన భార్య చెప్పింది. "ఇప్పుడు పెట్టిపోనియ్యడు నాయనా. ఎవురి సరుకు వాళ్లు ఎదురుగా కూర్చోవల్ల. విప్పిన కాడ్నుంచి మళ్లా బిగించేదాకా చూడల్ల. అట్లయితేనే ముట్టుకుంటాడు." తెర పక్కకు సర్దుతూ, "ఒకరు చూస్తాంటే ఈయనకు చేతులు వణుకుతాయి. అర్ధగంట పని పూటంతా పడతాది. ఎంత చెప్పినా వినడు" అంది. నా పేరు ఎత్తలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. అవ్వకు ఇదంతా అర్థం కాలేదు, తన రేడియో వైపే చూస్తూ కూర్చుంది.

ఇక నేను ఆగలేదు. అవ్వ ముందరే అన్నాను. "పెద్దాయనా, నాదే తప్పు. మా ఇంట్లో గుంత ఎండిపోయింది. మీరు మొదటిరోజే చెప్పారు. మిమ్మల్ని అనరాని మాట అన్నాను, నలుగురికీ చెప్పాను. నన్ను క్షమించండి." కాళ్లకు వంగబోతే ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

"అయ్యో, ఏంటికప్పా అదంతా. ఎర్త్ బాగయింది గదా? ఇంట్లో ఆడోళ్లు జాగ్రత్త, అదొక్కటే నాకు భయం పట్టుకునుండింది" అన్నాడు. ఆ మాటలో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

అవ్వ పని అయ్యాక నా వంతు వచ్చింది. నేను యాంప్ బల్ల మీద పెట్టి, "ఇది ఇక్కడే ఉండనీయండి పెద్దాయనా. ఎన్ని రోజులైనా సరే, అయ్యాక ఫోన్ చేయండి" అన్నాను. నమ్ముతున్నానని ఎట్లా చెప్పాలో నాకు అంతకన్నా తెలియలేదు.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దప్పా. కూర్చో" అని స్టూలు నా వైపు జరిపాడు.

కూర్చున్నాను. వెనక చెక్క విప్పి, తీసిన ఒక్కొక్క స్క్రూను నాకు కనబడేట్టు బల్ల అంచున వరసగా పెట్టాడు. వదులైన గూడు సరిచేయడానికి ఎంతోసేపు పట్టింది. చెయ్యి వణికి సోల్డరింగ్ కడ్డీ రెండుసార్లు పక్కకు తగిలింది. నేను చూడలేక వీధి వైపు మొహం తిప్పుకున్నాను. చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే ఆయన కడ్డీ పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. "ఇట్ల తిరుగప్పా. చూడు" అన్నాడు. కోపం లేదు, కేవలం పని జరగాలంటే నేను చూడాలి, అంతే.

బిగించేటప్పుడు స్క్రూను అరచేతిలో పెట్టి ముందు నాకు చూపించేవాడు. "నీదే గదా? చూసినావా?" అనేవాడు. చూశానని నేను అంటేనే పెట్టేవాడు. ఆ చెక్కకు ఎనిమిది స్క్రూలు. ఎనిమిదిసార్లు ఆయన అరచెయ్యి చాపాడు, ఎనిమిదిసార్లు నేను "చూసినా పెద్దాయనా" అన్నాను.